6 ఆంప్సా, 16 ఆంప్సా? స్విచ్చులు, సాకెట్ల మీద అంకెలు ఏం చెబుతాయి

కొత్త ఇంటి గోడలకు గాడులు కొట్టే రోజుల్లో ఇంటివాళ్లకు ఒక టెన్షన్ మొదలవుతుంది. ఎలక్ట్రీషియన్ ఒక లిస్టు రాసి చేతిలో పెడతాడు. ఆరు ఆంప్స్ స్విచ్చులు ఇన్ని, పదహారు ఆంప్స్ సాకెట్లు ఇన్ని, టూవే రెండు, డీపీ మూడు, ఎనిమిది మాడ్యూళ్ల ప్లేట్లు నాలుగు అని అందులో ఉంటుంది. తీరా షాపుకు వెళితే మాటలన్నీ రంగు, మెరుపు, కంపెనీ, గ్యారంటీ చుట్టూనే తిరుగుతాయి. లిస్టులో ఉన్న అంకెల గురించి అడిగేవాళ్లు తక్కువ, విడమర్చి చెప్పేవాళ్లు ఇంకా తక్కువ.

మరోపక్క ఎండాకాలం వచ్చిందంటే పేపర్లో 'షార్ట్ సర్క్యూట్‌తో మంటలు' అనే వార్త తరచూ కనిపిస్తుంది. కానీ షార్ట్ సర్క్యూట్ జరగకుండానే, ఎంసీబీ (కరెంటు మరీ ఎక్కువైతే దానంతటదే పడిపోయి లైను తెంచే స్విచ్) పడిపోకుండానే గోడలోని సాకెట్ మాడిపోగలదు. అదెలా జరుగుతుందో తెలిస్తే ఇన్ని రకాల స్విచ్చులు, సాకెట్లు ఎందుకున్నాయో దానంతటదే అర్థమవుతుంది.

ముందు చిన్న లెక్క

మన ఇళ్లకు వచ్చే కరెంటు 230 వోల్టులు. ప్రతి వస్తువు మీదా దాని వాట్లు రాసి ఉంటాయి. వాట్లను 230తో భాగిస్తే అది లాగే కరెంటు ఆంపియర్లలో సుమారుగా వస్తుంది. మనం ఆంప్స్ అనేది దాన్నే.

750 వాట్ల మిక్సీ 3.3 ఆంప్స్ లాగుతుంది. 1000 వాట్ల ఇస్త్రీపెట్టెకు 4.3 కావాలి. 700 వాట్ల రైస్ కుక్కర్‌కు 3 చాలు. ఫోన్ చార్జర్ అయితే లెక్కలోకే రాదు. ఇవన్నీ 6 లోపే. ఇక 1500 వాట్ల వాటర్ హీటర్ రాడ్‌కు 6.5 కావాలి, అంటే గీత దాటేసింది. 2000 వాట్ల ఇండక్షన్ స్టవ్ 8.7, 3000 వాట్ల గీజర్ 13 ఆంప్స్ లాగుతాయి.

ఇదే లెక్క తిరగేస్తే, 6 ఆంప్స్ సాకెట్ మోయగలిగేది 1380 వాట్లు, 16 ఆంప్స్ సాకెట్ మోయగలిగేది 3680 వాట్లు. పెద్దగా సౌండ్ చేసే వస్తువుకు పెద్ద ప్లగ్ కావాలని చాలామంది అనుకుంటారు. మిక్సీ ఇల్లంతా అదరగొట్టినా చిన్న సాకెట్ చాలు. చప్పుడే చేయని హీటర్ రాడ్‌కు అది చాలదు. ఎక్కువ కరెంటు లాగేవి మామూలుగా వేడి పుట్టించే వస్తువులు, తర్వాత ఏసీల లాంటి పెద్ద మోటార్లున్నవి.

గుండ్రటి పిన్నులు ఎక్కడినుంచి వచ్చాయి

మన మూడు పిన్నుల ప్లగ్ బ్రిటిష్‌వాళ్ల నుంచి వచ్చింది. 1934లో అక్కడ వచ్చిన బీఎస్ 546 అనే ప్రమాణంలో 2, 5, 15, 30 ఆంప్స్ సైజులుండేవి. వాటిలో 5, 15 ఇక్కడ స్థిరపడ్డాయి. మన దేశపు ప్రమాణం ఐఎస్ 1293లో అవే ఇప్పుడు 6, 16 అయ్యాయి. అందుకే పెద్దవాళ్లు ఇప్పటికీ 'పదిహేను ఆంప్స్ ప్లగ్' అంటారు, ప్యాకెట్ మీద 16 అని ఉంటుంది. రెండూ ఒకటే.

బ్రిటన్ మాత్రం 1947లో కొత్త ప్రమాణం తెచ్చి చదునైన మూడు పిన్నులకు మారిపోయింది. వాళ్ల ప్లగ్ లోపలే ఫ్యూజు ఉంటుంది, పెద్ద వస్తువులకు 13 ఆంప్స్‌ది, చిన్నవాటికి 3 ఆంప్స్‌ది. లండన్‌కో దుబాయ్‌కో వెళ్లిన మనవాళ్లకు కనిపించేది ఈ ప్లగ్గే. అక్కడ వోల్టులు ఇంచుమించు మనవే కాబట్టి పిన్ను మారిస్తే చాలావరకు పని జరుగుతుంది. అమెరికా సంగతి వేరు. అక్కడ గోడ సాకెట్‌లో వచ్చేది 120 వోల్టులు. ఇక్కడి మిక్సీని అక్కడికి పట్టుకెళ్లి పిన్ను మాత్రమే మారిస్తే అది నీరసంగా తిరుగుతుంది తప్ప పప్పు రుబ్బదు.

మన పిన్నుల్లో ఒక తెలివైన ఏర్పాటు ఉంది. చిన్న ప్లగ్‌లో ఫేజు (కరెంటు వచ్చేది), న్యూట్రల్ (తిరిగి వెళ్లేది) పిన్నులు సుమారు 5 మిల్లీమీటర్ల లావు, ఎర్త్ పిన్ను (లీకయ్యే కరెంటును నేలలోకి పంపేది) 7 మిల్లీమీటర్లు. పెద్ద ప్లగ్‌లో ఫేజు, న్యూట్రల్ 7 మిల్లీమీటర్లు, ఎర్త్ 8.7. అంటే చిన్నదాని ఎర్త్ పిన్నూ పెద్దదాని ఫేజు పిన్నూ ఒకే లావు. ఏ ప్లగ్‌లోనైనా ఎర్త్ పిన్ను మిగతా రెంటికంటే లావు కాబట్టి పొరపాటున కూడా ఫేజు రంధ్రంలో దూరదు. పొడవు కూడా ఎక్కువే. ప్లగ్ పెట్టేటప్పుడు ముందు ఎర్త్ కలుస్తుంది, తీసేటప్పుడు చివర్న ఎర్త్ విడిపోతుంది. వస్తువులో కరెంటు ఉన్న క్షణం ఏదీ ఎర్త్ లేకుండా గడవకూడదన్నది ఉద్దేశం.

సాకెట్ ఎందుకు మాడుతుంది

ఈ వ్యాసంలో అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇదే, కాస్త నిదానంగా చూద్దాం.

సాకెట్ లోపల ఇత్తడి పట్టీలు పిన్నును గట్టిగా పట్టుకోవాలి. ఏళ్ల తరబడి ప్లగ్ పెట్టి తీస్తుంటే పట్టు వదులవుతుంది. వెనకాల వైరు బిగించిన స్క్రూ కూడా వదులు కావచ్చు. పట్టు తగ్గిన చోట కరెంటుకు అడ్డంకి పెరుగుతుంది. అలాంటి ఒక చోట అడ్డంకి 0.1 ఓమ్ అనుకుందాం. అక్కడ పుట్టే వేడి ఎంతో తెలియాలంటే కరెంటును దానితోనే గుణించి, మళ్లీ ఆ 0.1తో గుణించాలి.

మిక్సీ లాగే 3 ఆంప్స్‌కు: 3 × 3 × 0.1, అంటే 0.9 వాట్లు. చెయ్యి పెట్టినా తెలియదు. గీజర్ లాగే 13 ఆంప్స్‌కు: 13 × 13 × 0.1, దాదాపు 17 వాట్లు. రేడియో రిపేరు చేసేవాళ్లు వాడే చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు ఉంటుంది. దానిలో మూడింట రెండు వంతుల వేడి, గాలాడని గోడ బాక్సులో, ప్లాస్టిక్‌కు ఆనుకుని పుడుతోందన్నమాట. కరెంటు నాలుగు రెట్లు పెరిగితే వేడి దాదాపు పందొమ్మిది రెట్లు పెరిగింది. వేడికి పట్టీ ఇంకా వదులవుతుంది, అడ్డంకి ఇంకా పెరుగుతుంది, వేడీ ఇంకా పెరుగుతుంది. ప్లేటు పసుపు రంగుకు తిరగడం, కాలిన వాసన రావడం ఈ క్రమంలో వచ్చేవే.

మరి ఎంసీబీ ఉంది కదా అంటారు. ఆ లైనుకు 16 ఆంప్స్ ఎంసీబీ ఉందనుకుందాం. దానికి కనిపిస్తున్నది 13 ఆంప్స్ మాత్రమే, కాబట్టి దాని దృష్టిలో అంతా బాగానే ఉంది. వేడి ఎక్కడ పుడుతోందో దానికి తెలిసే మార్గం లేదు. పైగా 16 ఆంప్స్ ఎంసీబీ 16 దాటగానే పడిపోదు. ప్రమాణం ప్రకారం 18 ఆంప్స్ దగ్గర గంటసేపు పడకుండా నిలవాలి, 23.2 ఆంప్స్ దగ్గరైతే గంటలోపు పడాలి. అసలు షార్ట్ సర్క్యూట్ వస్తే మాత్రం రెప్పపాటులో కట్ చేస్తుంది. ఎంసీబీ ఉన్నది వైరును కాపాడడానికి. వదులైన సాకెట్‌ను కాపాడడం దాని పని కాదు.

ఈ వెలుగులో చూస్తే షాపుల్లో దొరికే కన్వర్టర్ పిన్ను ఎంత ప్రమాదమో తెలుస్తుంది. పెద్ద ప్లగ్‌ను చిన్న సాకెట్‌లోకి ఎక్కించేదాని గురించే నేనంటున్నది. 16 ఆంప్స్ లైను మీద 6 ఆంప్స్ సాకెట్ ఉంటే, దానికి కన్వర్టర్‌తో గీజర్ తగిలిస్తే, సాకెట్ దాని శక్తికి రెట్టింపు మోస్తున్నా ఎంసీబీ చప్పుడు చేయదు. పిన్నే లేకుండా వైరు కొసలను రంధ్రాల్లో పెట్టి అగ్గిపుల్లలు గుచ్చే అలవాటు కూడా ఇంకా ఉంది. అక్కడ పట్టు అన్న మాటే లేదు.

ఆరు రంధ్రాల సాకెట్ మీద రెండు అభిప్రాయాలు

ఇప్పుడు ఎక్కువగా అమ్ముడయ్యే సాకెట్‌లో చిన్న ప్లగ్గూ పెద్ద ప్లగ్గూ రెండూ దూరతాయి. సిక్స్ పిన్ అంటారు. అన్ని చోట్లా ఇదే పెట్టిస్తే గొడవే ఉండదని ఒక వాదన. ఏ గదిలో ఏ వస్తువు పెట్టాల్సి వస్తుందో ముందు తెలియదు, కన్వర్టర్ల అవసరం పోతుంది. ఇది కొట్టిపారేసే వాదన కాదు.

అనుభవమున్న ఎలక్ట్రీషియన్లు కొందరు వద్దంటారు. ఒకే పట్టీ రెండు లావుల పిన్నులను పట్టుకోవాలి కాబట్టి, నాసిరకం సాకెట్లలో లావు పిన్ను పెట్టి తీశాక సన్న పిన్ను వదులుగా ఊగుతుంది. మంచి కంపెనీలవాళ్లు రెంటికీ విడివిడిగా పట్టు ఇస్తారు కాబట్టి ఈ లోపం నాణ్యతను బట్టి ఉంటుంది.

నా దృష్టిలో దీనికంటే లోతైన అభ్యంతరం ఇంకొకటి ఉంది. పాత పద్ధతిలో రంధ్రం సైజే ఒక హామీ. పెద్ద రంధ్రం కనిపిస్తే వెనకాల లావు వైరు ఉందని అర్థం. మన దగ్గర మామూలుగా లైట్లకు 1.5 స్క్వేర్ ఎంఎం వైరు, పవర్ ప్లగ్గులకు 2.5, ఏసీలు, గీజర్లకు 4 లాగుతారు. పాత లైట్ల బోర్డులో చిన్న సాకెట్ పీకి దాని స్థానంలో సిక్స్ పిన్ బిగిస్తే ముఖం మీద 16 అని ఉంటుంది, వెనకాల మాత్రం పాత సన్న వైరే ఉంటుంది. హీటర్ పెట్టేవాళ్లకు ఆ సంగతి తెలియదు. వస్తువు, పిన్ను, సాకెట్, స్విచ్, వైరు, ఎంసీబీ వరసలో దేని శక్తి తక్కువో అదే మొత్తం లైను శక్తి. సిక్స్ పిన్ సాకెట్ తప్పు కాదు, దాని వెనక 2.5 వైరు లేకపోవడం తప్పు.

స్విచ్చుల్లో తేడాలు

మామూలు వన్ వే స్విచ్‌కు రెండు టెర్మినళ్లు, అంటే వైరు బిగించే చోట్లు. ఫేజును కలుపుతుంది, తెంచుతుంది. స్విచ్ ఎప్పుడూ ఫేజు మీదే ఉండాలి. న్యూట్రల్ మీద పెట్టినా లైటు ఆరుతుంది, వెలుగుతుంది, తేడా కనబడదు. కానీ ఆర్పి ఉన్నప్పుడు కూడా హోల్డర్‌లో కరెంటు ఉంటుంది, బల్బు మార్చేవాడికి షాక్ కొడుతుంది. స్విచ్ ఆపినా ఎల్ఈడీ బల్బు రాత్రిపూట మినుకుమినుకుమంటుంటే చూడాల్సిన కారణాల్లో ఇదొకటి. స్విచ్‌లో చిన్న ఇండికేటర్ లైటు ఉన్నా అలా జరగొచ్చు. దాని గుండా పోయే కొద్దిపాటి కరెంటే ఎల్ఈడీకి సరిపోతుంది, దానివల్ల ప్రమాదమేమీ లేదు.

టూ వే స్విచ్ మెట్ల దగ్గరా, పడగ్గదిలోనూ పెడతారు. దీనికి మూడు టెర్మినళ్లు, మధ్యది కామన్. కింది స్విచ్ కామన్‌కు ఫేజు వస్తుంది, పై స్విచ్ కామన్ నుంచి బల్బుకు వెళుతుంది, రెండు స్విచ్చుల మధ్య రెండు వైర్లు నడుస్తాయి. రెండు స్విచ్చులూ ఒకే వైరు వైపు ఉంటే బల్బు వెలుగుతుంది, చెరో వైపు ఉంటే ఆరుతుంది. అందుకే ఇందులో 'పైకి నొక్కితే ఆఫ్' అనే గుర్తు పనిచేయదు. మూడో అంతస్తు నుంచి కూడా అదే లైటు వేయాలంటే మధ్యలో నాలుగు టెర్మినళ్ల ఇంటర్మీడియట్ స్విచ్ కావాలి. పైపులు వేసేటప్పుడే ఆ వైర్లకు చోటు చూసుకోకపోతే తర్వాత గోడ పగలగొట్టాలి.

డీపీ, అంటే డబుల్ పోల్ స్విచ్, ఫేజునూ న్యూట్రల్‌నూ రెంటినీ ఒకేసారి తెంచుతుంది. గీజర్లకు, ఏసీలకు 20 లేదా 32 ఆంప్స్‌లో వస్తుంది. స్తంభం దగ్గరో మీటరు దగ్గరో ఫేజు, న్యూట్రల్ తారుమారయ్యాయనుకోండి. మామూలు స్విచ్ ఆపినా గీజర్‌లోకి ఫేజు వెళుతూనే ఉంటుంది. డీపీ ఆపితే ఆ భయం లేదు. గీజర్‌కు విడిగా ఎంసీబీ ఉంది కదా, డీపీ దండగ అనేవాళ్లున్నారు. సింగిల్ పోల్ ఎంసీబీ కూడా ఒక్క ఫేజునే తెంచుతుంది. పైగా రోజూ వేసి ఆపడానికి తయారైంది స్విచ్, ఆపద వచ్చినప్పుడు పడడానికి తయారైంది ఎంసీబీ.

స్విచ్ మీద 10 ఏఎక్స్ అని రాసి ఉంటే, ట్యూబులైట్ల లాంటివి వెలిగేటప్పుడు ఒక్కసారిగా లాగే కరెంటును కూడా తట్టుకునేలా పరీక్షించారని అర్థం. పదిపదిహేను ఎల్ఈడీ ప్యానెళ్లను ఒకే స్విచ్‌కు కలిపే ఆఫీసుల్లో దీని విలువ తెలుస్తుంది. ఆ ప్యానెళ్ల మొత్తం వాట్లు తక్కువే అయినా, స్విచ్ వేసిన క్షణంలో వాటి డ్రైవర్లు (ప్యానెల్‌కు కరెంటు అందించే సర్క్యూట్లు) గుంజే కరెంటు చాలా ఎక్కువ.

ఫ్యాను రెగ్యులేటర్లలో పాత పెద్ద డబ్బాలు కరెంటును వేడిగా వదిలేసేవి. ఇప్పుడు బోర్డులో ఇమిడే స్టెప్ రెగ్యులేటర్లు కెపాసిటర్లతో పనిచేస్తాయి, వేడి తక్కువ. బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ మోటారు) ఫ్యాన్లకు వేగం మార్చే ఏర్పాటు లోపలే ఉంటుంది కాబట్టి గోడ రెగ్యులేటర్ అక్కర్లేదు.

మాడ్యులర్ మీద చర్చ

పాత పియానో స్విచ్చులా, ప్లేటులో విడివిడి ముక్కలుగా కూర్చే మాడ్యులరా? విద్యుత్ పరంగా రెంటి పనీ ఒకటే. మాడ్యులర్‌లో ఒక్క స్విచ్ పాడైతే దాన్నే ఊడదీసి మార్చుకోవచ్చు, స్క్రూలు బయటికి కనబడవు, సాకెట్లకు షట్టర్లు ఎక్కువగా వస్తాయి. షట్టర్ ఉంటే చిన్నపిల్లలు మేకో పిన్నీసో గుచ్చినా లోపలికి పోదు, సాధారణంగా ఎర్త్ పిన్ను దూరినప్పుడే తెరుచుకుంటుంది. రెండు పిన్నుల చార్జర్ దూరడం లేదని పెన్ను మూతతో షట్టర్ తెరిచే అలవాటు దాని ప్రయోజనాన్నే దెబ్బతీస్తుంది. మరోవైపు పాత రకం చవక, ఏ పల్లెలోనైనా దొరుకుతుంది. మాడ్యులర్‌లో ఒక కంపెనీ స్విచ్ ఇంకో కంపెనీ ప్లేటులో కూర్చోకపోవచ్చు. పదేళ్ల తర్వాత ఆ మోడలే ఆగిపోతే బోర్డంతా మార్చాలి. ఏ రకమైనా చూడాల్సినవి ఐఎస్ఐ గుర్తు, దాని దగ్గర నంబరు. స్విచ్చులకు ఐఎస్ 3854, సాకెట్లకు ఐఎస్ 1293.

ఎర్త్ ఉన్నా సరిపోని చోటు

మూడో రంధ్రం వెనక నిజంగా ఎర్త్ వైరు ఉందా అన్నది బయటికి కనబడదు. ఉందనే అనుకుందాం. ఇంటి ఎర్త్ పిట్ (ఎర్త్ వైరును నేలలో కలిపే గుంత) నిరోధం, అంటే కరెంటుకు అడ్డంకి, 10 ఓమ్‌లు అనుకుందాం. గీజర్ బాడీకి ఫేజు తగిలితే పారేది 230 ÷ 10, అంటే 23 ఆంప్స్. 16 ఆంప్స్ ఎంసీబీ 23.2 దగ్గర పడడానికి కూడా గంట వరకు పట్టొచ్చని పైన చూశాం. అంతసేపూ ఆ గీజర్, దానికి తగిలిన కుళాయి ప్రమాదకరంగానే ఉంటాయి. ఎండాకాలం పిట్‌లో నీళ్లు పోయడం, ఉప్పూ బొగ్గూ వేయడం ఈ నిరోధాన్ని తగ్గించడానికే, అయినా అది ఏడాది పొడవునా ఒకేలా ఉండదు.

ఆర్‌సీసీబీ అనే పరికరం అవసరం ఇక్కడే. వెళ్లిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సమానంగా లేకపోతే అది కట్ చేస్తుంది. మనుషుల రక్షణకు వాడేది 30 మిల్లీఆంప్స్‌ది. 16 ఆంప్స్ అంటే 16,000 మిల్లీఆంప్స్. మనిషి ప్రాణం తీయగల కరెంటు ఎంసీబీ కంటికి ఆనదు, ఆర్‌సీసీబీకి ఆనుతుంది. అయితే ఓవర్‌లోడ్‌ను ఆర్‌సీసీబీ పట్టించుకోదు. ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదనుకోవడానికి లేదు.

ఆఫీసు బోర్డుల లెక్క వేరు

ఆఫీసులో ఒక్కో టేబుల్ దగ్గరా రెండు రకాల సాకెట్లుంటాయి. ఒకటి యూపీఎస్‌ది, చాలాచోట్ల ఎర్రగానో వేరే రంగులోనో ఉంటుంది. రెండోది రా పవర్, మామూలు లైను. కంప్యూటర్, మానిటర్ కలిపినా సాధారణంగా ఒక ఆంపియర్ దాటవు కాబట్టి యూపీఎస్‌ను ఆ లెక్కతోనే కొంటారు. 1500 వాట్ల టీ కెటిల్‌ను ఎర్ర సాకెట్‌లో పెడితే ఒక్కటే 6.5 ఆంప్స్ లాగుతుంది, ఓవర్‌లోడై వరస మొత్తం కంప్యూటర్లు ఆరిపోవచ్చు. ఇంట్లో ఇన్వర్టర్ లైనుకు హీటర్ కలపకపోవడానికి కారణం కూడా ఇదే. ఎక్స్‌టెన్షన్ బోర్డుకు ఇంకో ఎక్స్‌టెన్షన్ తగిలించినప్పుడు మొత్తం కరెంటంతా మొదటి బోర్డు పిన్ను గుండానే పోతుందని కూడా గమనించాలి. రంధ్రాలు పన్నెండున్నా పిన్ను 6 ఆంప్స్‌దే.

యూఎస్‌బీ సాకెట్లు సౌకర్యమే, కానీ వాటి లోపల ఎలక్ట్రానిక్ సర్క్యూట్ ఉంటుంది కాబట్టి మామూలు సాకెట్ అంత కాలం మన్నుతాయని ఆశించలేం. చార్జింగ్ ప్రమాణాలు కూడా త్వరగా మారిపోతున్నాయి. స్మార్ట్ స్విచ్చుల్లో చాలావాటికి బోర్డులో న్యూట్రల్ కావాలి. మన బోర్డుల్లో సాకెట్ కూడా అక్కడే ఉంటుంది కాబట్టి న్యూట్రల్ సాధారణంగా దొరుకుతుంది.

గంటల తరబడి లాగే బండ్లు

ఇప్పుడు అపార్ట్‌మెంట్లలో కొత్తగా వస్తున్న గొడవ ఎలక్ట్రిక్ కార్ల చార్జింగ్. 3.3 కిలోవాట్ల చార్జర్ 14.3 ఆంప్స్ లాగుతుంది. కాగితం మీద 16 ఆంప్స్ సాకెట్ దీనికి చాలు. కానీ గీజర్ నీళ్లు కాగగానే ఆగిపోతుంది, సాకెట్ చల్లారుతుంది. కారు రాత్రంతా, ఆరేడు గంటలు ఒకే తీరుగా లాగుతుంది. పైన వేసిన లెక్కే ఇక్కడా వేస్తే, 0.1 ఓమ్ వదులు దగ్గర 20 వాట్ల వేడి తెల్లవార్లూ పుడుతుంది. అందుకే సెల్లార్‌లో ఉన్న పాత పవర్ ప్లగ్‌కే కారు తగిలిస్తానంటే అసోసియేషన్ వాళ్లు వద్దనడం ఉత్త మొండితనం కాదు. సాకెట్ కొత్తది, గట్టిగా బిగించింది, వెనక 4 స్క్వేర్ ఎంఎం వైరు మీటరు నుంచి విడిగా వచ్చింది, దానికి సొంత ఎంసీబీ, ఆర్‌సీసీబీ ఉన్నాయి అంటే, కారు యజమాని వాదనలోనూ న్యాయముంది. చార్జింగ్ పాయింట్లలో కనిపించే నీలం రంగు ఇండస్ట్రియల్ సాకెట్ కూడా 16 ఆంప్స్‌దే. పిన్నులను గట్టిగా పట్టి, గంటల తరబడి లోడు మోయడానికే దాన్ని తయారుచేస్తారు కాబట్టి అంకె ఒకటే అయినా ధరలో తేడా ఉంటుంది.